నియమాలు మారుతూ ఉండే దేశంలో మహిళ వ్యాపారం: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

ప్రభుత్వమే సరుకు తయారుచేసి, ప్రభుత్వమే ధర కట్టి, ప్రభుత్వమే ఉద్యోగమిచ్చే పద్ధతి నుంచి మార్కెట్ పద్ధతికి మళ్ళిన దేశాలు చాలానే ఉన్నాయి. చైనా 1978లో, వియత్నాం 1986లో ఆ దారి పట్టాయి. పోలండ్, హంగరీ, రష్యా, మధ్య ఆసియా దేశాలు 1989 తర్వాత కొద్ది ఏళ్ళలోనే మళ్ళాయి. పోలండ్ ఇప్పుడు ఆ దశ దాటేసిందనే చెప్పాలి. వియత్నాం, ఉజ్బెకిస్తాన్ ఇంకా దారిలోనే ఉన్నాయి. ఈ దేశాలన్నిటిలోనూ ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో వ్యాపారంలోకి వచ్చారు. అందరూ ఉత్సాహం కొద్దీ రాలేదు. ఫ్యాక్టరీ మూతపడింది, జీతం ఆగిపోయింది, ఫ్యాక్టరీ నడిపే పిల్లల కేంద్రం కూడా దాంతోపాటే పోయింది. 1990ల రష్యాలో నిరుద్యోగానికి ఆడదాని ముఖం ఉందని జనం అనుకునేవారు. ఇంట్లో చంటిపిల్ల, చేతిలో డబ్బు లేదు. ఏదో ఒకటి కొని అమ్మడం తప్ప చాలామందికి వేరే దారి కనపడలేదు.

ఇలాంటి చోట వ్యాపారం పెట్టబోయే మహిళ ముందు ఏయే దారులుంటాయో, వాటిలో ఏది ఎవరికి నప్పుతుందో ఇక్కడ పోల్చి చూద్దాం. మామూలుగా ఇలాంటి పోలికల్లో పన్నెంత, లాభమెంత, రిజిస్ట్రేషన్ ఎన్నాళ్ళకు అవుతుంది అని చూస్తారు. అవీ చూడాల్సిందే. కానీ నియమాలు నిలకడగా ఉండని చోట వాటికంటే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలని నా అభిప్రాయం. రేపు నియమం మారితే దీన్నుంచి ఎంత నష్టంతో బయటపడగలను? కాగితం మీద పేరు ఎవరిది? మొదటిది మగవాళ్ళూ వేసుకోవాల్సిన ప్రశ్నే. రెండోది మాత్రం ముఖ్యంగా ఆడవాళ్ళది.

సొంత పేరు మీదా, కంపెనీగానా

చైనాలోని వెన్‌జౌలో జాంగ్ హువామెయ్ అనే అమ్మాయి ఇంటి ముందు బల్ల వేసుకుని బొత్తాలు, చిల్లర సామాన్లు అమ్మేది. అప్పటికి అది తనిఖీవాళ్ళ కంటపడకుండా చేసుకోవాల్సిన పని. 1980 డిసెంబరులో ఆమె చేతికి వ్యక్తిగత వ్యాపార లైసెన్సు వచ్చింది, నంబరు 10101. సంస్కరణల కాలపు చైనాలో మొట్టమొదటి వ్యక్తిగత వ్యాపారిగా ఆమెనే చెప్పుకుంటారు. మధ్యలో చెప్పుల వ్యాపారంలోకి దిగి దెబ్బతిన్నారు, మళ్ళీ బొత్తాలకే వచ్చారు. సొంత కంపెనీ పెట్టింది మాత్రం 2007లో. అంటే పాతికేళ్ళకు పైగా ఆమెకు కంపెనీ అవసరం పడలేదు. చెప్పుల్లో నష్టం వచ్చినప్పుడు బొత్తాల బల్ల దగ్గరికి తిరిగి రాగలిగారంటే, సొంత పేరు మీద చేసే చిన్న వ్యాపారం మూసినా తెరిచినా పెద్దగా ఖర్చు కాకపోవడం కూడా ఒక కారణమే.

ఈ రూపానికున్న ఇబ్బంది కూడా ఆ చైనాలోనే కనిపిస్తుంది. మొదట్లో వ్యక్తిగత వ్యాపారి ఏడుగురికి మించి పనివాళ్ళను పెట్టుకోకూడదు. ఎనిమిదో మనిషి చేరితే అది శ్రమదోపిడీ కిందికి వస్తుందా రాదా అని పెద్దపెద్దవాళ్ళే వాదించుకున్నారు. ప్రైవేటు రంగానికి రాజ్యాంగంలో చోటు దొరికింది 1988 సవరణతో. కంపెనీల చట్టం 1993లో వచ్చింది. ఈలోగా పెరిగిన వ్యాపారాలు ఒక ఉపాయం పట్టాయి. ఊరి సమష్టి సంస్థ పేరు మీద నమోదు చేసుకుని దానికి ఏటా ఇంత అని కట్టడం. దాన్ని ఎర్రటోపీ పెట్టుకోవడం అనేవారు. ఆ టోపీ ఉంటే బ్యాంకు అప్పు ఇచ్చేది, స్థలం దొరికేది, అధికారుల వేధింపు తగ్గేది. వ్యాపారం బాగా పెరిగాక మాత్రం ఆ సంస్థ వచ్చి ఇది మాదే, కాగితం చూడండి అన్న సందర్భాలు తక్కువేం కాదు. అరువు పేరు మీద నడిపే వ్యాపారం మొదట్లో ఎంత సుఖంగా ఉంటుందో, పెరిగాక అంత ప్రమాదం.

ఇప్పటి వియత్నాంలో ఇదే ఎంపిక ఇంకో రూపంలో ఉంది. అక్కడ గృహ వ్యాపారాలు యాభై లక్షలు దాటాయి. ఫో సూప్ బండి, కుట్టుపని, మార్కెట్లో బట్టల దుకాణం, ఇంటి దగ్గర బ్యూటీ పార్లరు, ఇవన్నీ ఎక్కువగా గృహ వ్యాపారాలే, చాలావాటిని నడిపేది ఆడవాళ్ళే. కంపెనీకి మారమని ప్రభుత్వం ఎన్నేళ్ళుగా చెబుతున్నా వాళ్ళు మారలేదు. మొండితనమేం కాదది, లెక్క చూసుకునే ఆగారు. పన్ను అధికారి అంచనా వేసి ఇంతని ఒక మొత్తం కట్టమనేవాడు, కట్టేస్తే అయిపోయేది. ఖాతా పుస్తకాలు లేవు, అకౌంటెంటు జీతం లేదు. కంపెనీ అయితే అవన్నీ నెత్తికొస్తాయి.

ఆ లెక్క ఇప్పుడు మారింది. 2025 మే నెలలో వచ్చిన కమ్యూనిస్టు పార్టీ 68వ నంబరు తీర్మానం ప్రైవేటు రంగానికి పెద్దపీట వేస్తూనే, అంచనా పన్ను పద్ధతిని ఎత్తేస్తామంది. 2026 జనవరి 1తో అది పోయింది. అంతకుముందే, 2025 జూన్ నుంచి, ఏటా వంద కోట్ల డాంగ్‌లు, అంతకంటే ఎక్కువ అమ్మకాలున్న చిల్లర, తిండి వ్యాపారాలు పన్ను శాఖతో అనుసంధానమైన బిల్లింగ్ యంత్రం పెట్టుకోవాల్సి వచ్చింది. అంటే గృహ వ్యాపారంగా ఉండటంలో ఉన్న పెద్ద సుఖం, లెక్కలు రాయక్కర్లేకపోవడం, పోయినట్టే. ఎటూ రాయాల్సిందే అన్నప్పుడు ప్రశ్న వేరేగా అడగాలి: మీ సరుకు కొనేది ఎవరు? దారిన పోయే మనిషైతే గృహ వ్యాపారం చాలు. సూపర్ మార్కెట్టు, ఎగుమతిదారు, హోటళ్ళ గొలుసు లాంటివైతే వాళ్ళకు సరైన ఇన్‌వాయిస్, ఒప్పందం, కంపెనీ ముద్ర కావాలి. అక్కడ కంపెనీ లేకుండా అడుగు ముందుకు పడదు. పనివాళ్ళ సంఖ్యను బట్టి మారడం అన్న పాత లెక్కను మరిచిపోవచ్చు. పది మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్ళుంటే కంపెనీగా మారాలన్న నిబంధన 2021లోనే పోయింది.

ఇంకొకటుంది. 2025 జులై నుంచి అమల్లోకి వచ్చిన వియత్నాం సామాజిక బీమా చట్టం కింద, లెక్కలు చూపించి పన్ను కట్టే గృహ వ్యాపార యజమానులు కూడా బీమాలోకి వచ్చారు. నెలనెలా కట్టాలి కాబట్టి చాలామంది విసుక్కుంటున్నారు. కానీ ప్రసవ కాలపు భత్యం, వృద్ధాప్యంలో పింఛను రెండూ అందులోనే ఉన్నాయి. పిల్లలు కనాలనుకుంటున్న మహిళ ఈ చందాను పన్ను పద్దులో రాసుకుంటే మొత్తం పోలికే తప్పుతుంది.

రష్యాలో 2019లో మొదలైన స్వయం ఉపాధి పన్ను విధానం దీనికి సరిగ్గా తిరగేసిన రకం. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే చాలు. వ్యక్తులకు అమ్మిన దానిమీద 4 శాతం, సంస్థలకు అమ్మిన దానిమీద 6 శాతం. ఏడాదికి 24 లక్షల రూబుళ్ళ వరకూ. కేకులు చేసేవాళ్ళకు, ట్యూషన్ చెప్పేవాళ్ళకు, గోళ్ళరంగు వేసేవాళ్ళకు ఇంత తేలికైనది ఇంకోటి లేదు. కానీ పనివాళ్ళను పెట్టుకోకూడదు, ఇతరులు చేసిన సరుకు కొని అమ్మకూడదు, విడిగా చందా కడితే తప్ప పింఛను సర్వీసు లెక్కకు రాదు. పైగా చట్టంలోనే ఇది 2028 చివరి దాకా ప్రయోగం అని రాసుంది. గడువు ముందే చెప్పి పెట్టిన నియమం మీద పదేళ్ళ ప్రణాళిక కట్టకూడదు. ఏడాది రెండేళ్ళు గిరాకీ ఉందో లేదో చూసుకోవడానికైతే బాగుంటుంది.

వెనక్కి తిరిగే దారి విషయంలో నాకు బాగా నచ్చింది పోలండ్ పద్ధతి. అక్కడ సొంత పేరు మీద వ్యాపారం నమోదు ఉచితం, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు మొదటి ఆరు నెలలు సామాజిక బీమా చందా కట్టకుండా ఉండొచ్చు, ఆ తర్వాత రెండేళ్ళు తగ్గించిన చందా. అన్నిటికంటే ముఖ్యం, వ్యాపారాన్ని రద్దు చేయకుండా కొన్నాళ్ళు ఆపి ఉంచే వీలు. సొంత పేరు మీది వ్యాపారాన్ని ఇప్పుడు గడువేమీ లేకుండా ఆపి ఉంచొచ్చు. లిమిటెడ్ కంపెనీ అయితే 24 నెలలకు మించి కుదరదు. బిడ్డ పుట్టినప్పుడు, ఇంట్లో ముసలివాళ్ళు మంచాన పడ్డప్పుడు, ఈ వీలు ఉందా లేదా అన్నదాన్ని బట్టి వ్యాపారం బతకడమో పోవడమో తేలుతుంది. లిమిటెడ్ కంపెనీకి కావాల్సిన కనీస మూలధనం 2009లో 50,000 జ్లోటీల నుంచి 5,000కు తగ్గింది. దాంతో చాలామంది మొదటిరోజే కంపెనీ పెట్టేస్తున్నారు. అప్పులో, పెట్టుబడిదారులో, భాగస్వాములో లేనప్పుడు ఆ తొందర ఎందుకో నాకర్థం కాదు.

కంపెనీ పెడితే అప్పులకు ఇల్లు పోదు అన్న మాట ఎక్కడికెళ్ళినా వినిపిస్తుంది. చట్టం ప్రకారం నిజమే. కానీ చిన్న కంపెనీకి బ్యాంకు అప్పిచ్చేటప్పుడు యజమాని సొంత పూచీ అడుగుతుంది, చాలాసార్లు ఇంటినే తాకట్టు అడుగుతుంది. ఆ సంతకం పెట్టాక పరిమిత బాధ్యత అన్నది సరఫరాదారుల బాకీల దగ్గర పనికొస్తుందేమో గానీ బ్యాంకు దగ్గర కాదు.

పెట్టుబడి ఎక్కడినుంచి

సొంత పొదుపు అన్నిటికంటే భద్రం అనే సలహాను ఇక్కడ కళ్ళు మూసుకుని ఒప్పుకోలేం. 1992లో రష్యాలో ధరలు ఒక్క ఏడాదిలో దాదాపు 26 రెట్లు పెరిగాయి. జీవితమంతా బ్యాంకులో దాచుకున్నది చూస్తుండగానే చిల్లర అయిపోయింది. 1990లో పోలండ్‌లో ధరలు ఏడు రెట్లకు దగ్గరగా పెరిగాయి. అలాంటప్పుడు తెలివైనవాళ్ళు పొదుపును నోట్లలో ఉంచలేదు. రష్యావాళ్ళు సరుకుగానో డాలర్లుగానో మార్చారు, వియత్నాంవాళ్ళు బంగారంగా మార్చారు. సొంత డబ్బుతో మొదలుపెట్టడం మంచిదే, కాకపోతే అది త్వరగా తిరిగే సరుకులో ఉండాలి. గోదాములో ఆరు నెలలు పడి ఉండే యంత్రంలో కాదు.

సొంత డబ్బు దారిలో చివరిదాకా వెళ్ళిన మనిషి తావో హువాబీ. చైనాలోని గుయ్‌యాంగ్‌లో 1989లో చిన్న నూడుల్స్ దుకాణం పెట్టారు. నూడుల్స్ కంటే వాటితో ఇచ్చే మిరప కారానికే గిరాకీ ఎక్కువని గమనించి 1996లో కారం తయారీ మొదలుపెట్టారు. మరుసటేడు కంపెనీ పెట్టారు. అదే లావో గాన్ మా. అప్పు తీసుకోను, షేర్ మార్కెట్‌కు వెళ్ళను, డబ్బు చేతిలో పడ్డాకే సరుకు కదులుతుంది, ఇదీ ఆమె పద్ధతి. చదువు లేని మనిషి కాబట్టి భయపడ్డారని కొందరంటారు. నేనలా అనుకోను. బ్యాంకులు ప్రధానంగా ప్రభుత్వ సంస్థలకే అప్పులిచ్చిన కాలంలో, బాకీ వసూలుకు కోర్టును నమ్ముకోలేని చోట, రొక్కం మీద వ్యాపారం చేయడం లెక్క తెలిసిన పని. ఆమెకు అది కుదరడానికి కారణం సరుకు. సీసా చౌక, త్వరగా అమ్ముడవుతుంది, కొనేవాళ్ళు మళ్ళీమళ్ళీ వస్తారు. ఫర్నిచర్ చేసే మహిళ ఇదే పద్ధతి పట్టుకుంటే ఏడాదిలో మూతపడుతుంది.

ఇంటా బయటా నమ్మకం మీద నడిచే చీటీలు వియత్నాంలోనూ ఉన్నాయి. దక్షిణాన హుయ్ అంటారు, ఉత్తరాన హో అంటారు. మార్కెట్లో దుకాణాలు నడిపే ఆడవాళ్ళు పండగ సరుకు కోసం ఇప్పటికీ వీటినే నమ్ముకుంటారు. తాకట్టు లేదు, ఫారాలు లేవు, భర్త సంతకం లేదు. చీటీ నడిపే మనిషి పారిపోతే దిక్కూ లేదు. 2019లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, పద్దు పుస్తకం ఉండాలి, ఒక విడతలో తిరిగే మొత్తం పది కోట్ల డాంగ్‌లు, అంతకంటే ఎక్కువైతే స్థానిక కార్యాలయానికి తెలియజేయాలి. ఈ మూడూ లేని చీటీలో చేరొద్దు. చేరినా, ఆ సొమ్ముతో మూడు నెలల్లో తిరిగొచ్చే సరుకే కొనండి.

ఇలాంటి చోట చాలా ఎక్కువ వడ్డీ వస్తుందని ఎవరైనా చెబితే అల్బేనియాను తలుచుకోవాలి. 1997లో అక్కడ పిరమిడ్ స్కీములు కూలినప్పుడు జనాభాలో దాదాపు మూడింట రెండొంతుల మంది వాటిలో డబ్బు పెట్టి ఉన్నారు. బ్యాంకులు అప్పివ్వని చోట మొదట ఊపిరి పోసేది అనధికారిక ఫైనాన్సే, మోసం కూడా ఆ గుమ్మంలోంచే వస్తుంది.

ప్రభుత్వ, సంస్థాగత అప్పుల విషయానికొస్తే రెండు రకాలున్నాయి. వియత్నాం సామాజిక విధాన బ్యాంకు పేద కుటుంబాలకు ఊళ్ళోని పొదుపు సంఘాల ద్వారా చిన్న అప్పులిస్తుంది, మహిళా సమాఖ్య ఆ సంఘాలను నడిపించేవాటిలో ఒకటి. వడ్డీ తక్కువ, మొత్తమూ తక్కువే. రెండో రకం, కాస్త ఎదిగిన వ్యాపారాలకు. 1991లో ఈ దేశాల కోసమే లండన్ కేంద్రంగా పుట్టిన యూరోపియన్ పునర్నిర్మాణ అభివృద్ధి బ్యాంకు, విమెన్ ఇన్ బిజినెస్ అనే కార్యక్రమం కింద స్థానిక బ్యాంకులకు డబ్బిచ్చి మహిళల వ్యాపారాలకు అప్పులిప్పిస్తుంది. అందులో అప్పుకంటే దాంతోపాటు వచ్చే సలహాదారు, మెంటరే ఎక్కువ విలువైనవని నా లెక్క. అప్పు ఇంకోచోటా దొరుకుతుంది. మీ లెక్కలను పక్కన కూర్చుని చదివే అనుభవజ్ఞురాలు అంత సులభంగా దొరకదు.

ఏ బ్యాంకు దగ్గరికెళ్ళినా ఒక్క నియమం మాత్రం తప్పకండి: ఏ కరెన్సీలో అమ్ముతారో ఆ కరెన్సీలోనే అప్పు తీసుకోండి. విదేశీ కరెన్సీ అప్పుకు వడ్డీ ఎప్పుడూ తక్కువగా కనిపిస్తుంది. 1998 ఆగస్టులో ఆరు రూబుళ్ళున్న డాలరు ఆ ఏడాది చివరికి ఇరవై దాటింది. డాలర్లలో అప్పు చేసి సరుకు తెచ్చి రూబుళ్ళలో అమ్మే చిన్న వ్యాపారులు ఆ నాలుగు నెలల్లోనే తుడిచిపెట్టుకుపోయారు. 2015 జనవరిలో స్విస్ ఫ్రాంక్ ఒక్కరోజులో ఎగిసినప్పుడు పోలండ్‌లో ఫ్రాంకుల్లో ఇంటి అప్పు తీసుకున్నవాళ్ళ గతీ అదే. ఎగుమతి చేసి డాలర్లు సంపాదించేవాళ్ళకు తప్ప ఇది ఎవరికీ పనికొచ్చే బేరం కాదు.

ఎక్కడ అమ్మాలి

1990ల రష్యాలో గళ్ళగళ్ళ పెద్ద సంచులు మోస్తూ ఇస్తాంబుల్‌కూ చైనా సరిహద్దుకూ తిరిగినవాళ్ళను చెల్నోకీలు అనేవారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. నిన్నటిదాకా టీచర్లు, ఇంజనీర్లు. గడ్డకట్టే చలిలో బయట బజారులో, నేలమీద పరిచిన అట్టముక్క మీద కొనేవాళ్ళను నిలబెట్టి, దుప్పటి అడ్డంపెట్టి జీన్స్ తొడిగి చూసుకోమనేవారు. తక్కువ పెట్టుబడి, వారంలో రాబడి. ఈ వ్యాపారం నిలబడ్డది ఒకే ఒక్క నియమం మీద, సొంత సామాను పేరిట సుంకం లేకుండా తెచ్చుకునే పరిమితి మీద. 1996లో ప్రభుత్వం దాన్ని వెయ్యి డాలర్లు, 50 కిలోలకు కుదించేసరికి ఒక్కో ప్రయాణంలో మిగిలేది బాగా తగ్గిపోయింది.

బజారులో స్థలం మీ చేతిలో ఉండదు. మాస్కోలోని చెర్కిజోవ్స్కీ మార్కెట్‌ను 2009 జూన్ చివర్లో మూసేశారు. వేలాది మంది సరుకు లోపలే చిక్కుకుపోయింది. అందుకే బజారు వ్యాపారికి నా సలహా ఒక్కటే: సరుకంతా అక్కడే పెట్టకండి, అడ్వాన్సు కింద ఏడాది అద్దె కట్టకండి.

కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ దగ్గరి దోర్దోయ్ బజారుది వేరే కథ. ఒకదానిమీద ఒకటి పేర్చిన షిప్పింగ్ కంటెయినర్లే అక్కడ దుకాణాలు, కిందది కొట్టు, పైది గోదాము. చైనా సరుకు తెచ్చి పొరుగు దేశాలకు తిరిగి అమ్మడం మీద బతికిన బజారు అది. 2015 ఆగస్టులో కిర్గిజ్‌స్తాన్ యురేషియా ఆర్థిక కూటమిలో చేరి కొత్త సుంకాలు వచ్చేసరికి ఆ మార్గం ఇరుకైంది. అదే కూటమి వల్ల కిర్గిజ్‌లో కుట్టిన బట్టలకు రష్యా, కజకిస్తాన్ మార్కెట్ల తలుపు మాత్రం తెరిచే ఉంది. తెచ్చి అమ్మేవాళ్ళకంటే కుట్టించి అమ్మేవాళ్ళకు దారి దొరికింది. బిష్కెక్ కుట్టు కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళలో ఆడవాళ్ళే అధికం. కొని అమ్మడం, చేసి అమ్మడం రెండిట్లో రెండోది నెమ్మదిగా సాగుతుంది గానీ సరిహద్దు నియమాల దెబ్బను కాస్త ఓర్చుకుంటుంది.

ఒక పెద్ద సంస్థకు సరఫరాదారుగా మారడం మూడో దారి. జౌ చున్‌ఫేయ్ 1993లో చైనాలోని షెన్‌జెన్‌లో అద్దె ఇంట్లో బంధువులతో కలిసి గడియారాల అద్దాల పని మొదలుపెట్టారు. మోటరోలా రేజర్ ఫోనుకు గాజు తెర కావాలని అడిగినప్పుడు 2003లో లెన్స్ టెక్నాలజీ పెట్టారు, తర్వాత ఆపిల్ వచ్చింది, 2015లో కంపెనీ షేర్ మార్కెట్‌కు వెళ్ళింది. వినడానికి బాగుంటుంది. కానీ పెద్ద కొనుగోలుదారుడు వచ్చాక యంత్రాలు, జీతాలు, ముడిసరుకు అన్నిటికీ ముందే ఖర్చు పెట్టాలి, డబ్బు తర్వాతెప్పుడో వస్తుంది. జౌ కూడా ఒక దశలో జీతాలివ్వడానికి ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చింది. ఈ దారి ఎంచుకునేవాళ్ళు ఆర్డరు విలువకంటే ముందు చెల్లింపు గడువు చూడాలి. మొత్తం అమ్మకాల్లో సగానికి మించి ఒకరికే వెళ్తుంటే రెండో కొనుగోలుదారుణ్ణి వెతకడమే ఆ ఏడాది పని.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పను. 2004లో ప్రసూతి సెలవులో ఉన్న ఇంగ్లిష్ టీచరు తత్యానా బకల్చుక్, ఇప్పుడు తత్యానా కిమ్, జర్మన్ కేటలాగుల నుంచి బట్టలు తెప్పించి మాస్కో అపార్ట్‌మెంట్ నుంచి అమ్మడంతో వైల్డ్‌బెర్రీస్ అనే ఆన్‌లైన్ అమ్మకాల వేదిక పుట్టింది. వేదికను నిర్మించిన మనిషి లాభం వేరు, ఆ వేదిక మీద అమ్ముకునేవాళ్ళ లాభం వేరు. కమిషను, వాపసు నియమాలు, జరిమానాలు వేదిక ఇష్టం. కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు మీ దగ్గర లేకపోతే ఆ గిరాకీ మీది కాదు.

రవాణా, నౌకలు, గనుల లాంటి రంగాల్లోకి వెళ్ళేవాళ్ళు ఇంకో విషయం చూసుకోవాలి. సోవియట్ కాలం నుంచి ఆడవాళ్ళను తీసుకోకూడని ఉద్యోగాల జాబితాలుండేవి. రష్యాలో అది 456 ఉద్యోగాలు, 2021 నుంచి సుమారు వందకు తగ్గింది. ఉజ్బెకిస్తాన్ 2019లో ఎత్తేసింది. యజమాని మహిళ కావచ్చు, కానీ ఆమె తన కంపెనీలో ఏ పనికి ఇంకో మహిళను పెట్టుకోగలదో ఆ జాబితా చెబుతుంది.

ప్రభుత్వ సంస్థ లోపలినుంచి

బయట కొత్తగా పెట్టడం ఒక్కటే దారి కాదని వియత్నాం చూపించింది. కావ్ థి ఙోక్ జుంగ్ 1988లో హో చి మిన్ నగరంలోని ఒక జిల్లాకు చెందిన ప్రభుత్వ నగల దుకాణం బాధ్యత తీసుకున్నారు. 2004లో అది వాటాల కంపెనీగా మారింది, 2009లో షేర్ మార్కెట్‌కు వచ్చింది, అదే పీఎన్‌జే. గుయెన్ థి మాయ్ థాన్ నడిపిన ప్రభుత్వ రిఫ్రిజిరేషన్ సంస్థ ఆర్ఈఈ 1993లోనే వాటాల కంపెనీ అయింది. 2000 జులై 28న హో చి మిన్ షేర్ మార్కెట్ తొలిరోజు ట్రేడింగ్‌లో ఉన్నవి రెండే కంపెనీలు, వాటిలో అదొకటి. జీతం ఆగకుండా, అనుభవంతో, పరిచయాలతో యజమాని కావడం ఈ దారిలోని సుఖం. అయితే ఆ తలుపు కొన్నేళ్ళే తెరిచి ఉంటుంది. రష్యాలో 1992–94లో ప్రభుత్వ సంస్థల వాటాలకు మార్చుకునే వోచర్లను జనానికి పంచినప్పుడు లాభపడ్డది డైరెక్టర్ల కుర్చీల్లో ఉన్నవాళ్ళు, ఆ కుర్చీల్లో ఆడవాళ్ళు తక్కువ. ఉజ్బెకిస్తాన్ లాంటి చోట ఇప్పుడు ప్రభుత్వ సంస్థలో మేనేజరుగా ఉన్న మహిళ రాజీనామా రాసే ముందు ఆ సంస్థ అమ్మకాల జాబితాలో ఉందేమో తెలుసుకోవాలి. అంతకుమించి ఈ దారి ఇప్పుడు చాలామందికి అందుబాటులో లేదు.

కాగితం మీద పేరు

లావో గాన్ మా సీసా మీద తావో హువాబీ ముఖం ఉంటుంది. వాటాల పుస్తకంలో ఆమెకు ఉన్నది 1 శాతం, 2014లో అదీ వదులుకున్నారు. మిగతాదంతా ఇద్దరు కొడుకులది. అది ఆమె ఇష్టప్రకారం చేసిందే కావచ్చు. ఇంకొకరిని చూసి మీరూ అలాగే చేసే ముందు మాత్రం ఆలోచించండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. భార్య పేరు మీద వ్యాపారం, పెత్తనం భర్తది. వియత్నాంలో 2018 నుంచి అమల్లో ఉన్న చిన్న పరిశ్రమల సహాయ చట్టం ప్రకారం మూలధనంలో 51 శాతమో అంతకంటే ఎక్కువో మహిళలదై, నిర్వహణలోనూ కనీసం ఒక మహిళ ఉంటేనే మహిళల సంస్థ. శిక్షణలోనూ సలహా సేవల్లోనూ ప్రాధాన్యం దొరుకుతుంది కాబట్టి పేరు మాత్రమే మార్చే కుటుంబాలు ఎక్కడైనా ఉంటాయి. అలా పేరు ఇచ్చిన మహిళ నెత్తిన పన్ను బాకీ, చట్టపరమైన బాధ్యత పడతాయి, లాభం మీద ఆమె మాట చెల్లదు. ఇస్తే మొత్తం ఇవ్వమనండి: బ్యాంకు ఖాతా మీద సంతకం, పన్ను పాస్‌వర్డు, ఒప్పందాల ఫైలు మీ చేతిలో ఉండాలి.

తాకట్టు పెట్టే ఆస్తి దగ్గర కూడా పేరే ముఖ్యం. వియత్నాం 2003 భూమి చట్టం ఉమ్మడి ఆస్తి పత్రంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయాలంది. అంతకుముందు ఇచ్చిన పాత పత్రాల్లో చాలాచోట్ల మగవాళ్ళ పేరొక్కటే ఉంది. మీ ఇంటి పత్రం పాతదైతే అప్పుకు వెళ్ళే ముందే మార్పించుకోండి, అవసరం వచ్చినప్పుడు వెళితే ఆ కాగితం నెలల తరబడి పట్టుకుంటుంది. రష్యాలో పెళ్ళయ్యాక పెట్టిన వ్యాపారం ఎవరి పేరున ఉన్నా, వేరే ఒప్పందం లేకపోతే, ఉమ్మడి ఆస్తే. అక్కడా పోలండ్‌లోనూ నోటరీ దగ్గర రాయించుకునే వివాహ ఆస్తి ఒప్పందం ఉంటుంది. వ్యాపారం పెట్టేవాళ్ళు దాన్ని విడాకుల కాగితంలా చూడక్కర్లేదు. ఒకరి వ్యాపారం మునిగితే రెండోవాళ్ళ సంపాదన నిలబడడానికి పోలండ్‌లో చాలామంది దంపతులు దాన్ని రాయించుకుంటారు.

ఆఖరుగా, భర్త కంపెనీ అప్పుకు మీరు పెట్టిన పూచీ సంతకాలు, మీ అప్పుకు ఆయన పెట్టినవి, వాటి నకళ్ళు ఒకచోట ఉంచండి. విడిపోయినా, వాటాలు అమ్మేసినా, డైరెక్టరు పదవి వదిలేసినా పూచీ దానంతటదే రద్దు కాదు. బ్యాంకు నుంచి రాతపూర్వకంగా విడుదల పత్రం తీసుకునేదాకా ఆ బాకీ మీదే.